ఫ్రేజల్ వెర్బులను జాబితాల్లోంచి బయటికి తీయండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండళ్ల సంచాలకులకు, ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు, పదో తరగతి ప్రశ్నపత్రాలు తయారుచేసే ఉపాధ్యాయ మిత్రులకు,



ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం కావాలా వద్దా అన్న వాదాన్ని మళ్లీ లేవదీయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ వాదం కోర్టుల దాకా వెళ్లింది, ఎన్నికల సభల దాకా వెళ్లింది. ఈలోగా పిల్లలు ఇంగ్లీషు పుస్తకాలు పట్టుకుని తరగతిలో కూర్చున్నారు. వాళ్లకు అందుతున్న ఇంగ్లీషు ఎలాంటిదన్నదే నా బాధ. అందులోనూ ఒక్క విషయమే ఎత్తుకుంటాను. గివ్ అప్, పుట్ ఆఫ్, లుక్ ఇన్‌టు, రన్ అవుట్ ఆఫ్ లాంటి మాటలు, మనం ఫ్రేజల్ వెర్బులు అని చెప్పుకునేవి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలా ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నవాడిగా నాకు తెలిసిన సంగతులే రాస్తున్నాను.

పదో తరగతి పిల్లవాడి నోట్సు ఒకటి తెరిచి చూడండి. ఎడమపక్క గివ్ అప్, గివ్ ఇన్, గివ్ అవే, గివ్ ఆఫ్ అని వరసగా ఉంటాయి. ఎదురుగా మానేయు, లొంగిపోవు, పంచిపెట్టు, వెలువరించు అని ఉంటాయి. మార్జిను కొట్టి, ఎర్రసిరాతో గీతలు గీసి, ఎంతో శ్రద్ధగా రాసుకున్న పేజీ అది. తర్వాతి పేజీలో లుక్ ఆఫ్టర్, లుక్ ఫర్, లుక్ ఇన్‌టు, లుక్ డౌన్ ఆన్. ఇలా అక్షరక్రమంలో నాలుగైదు పేజీలు. పరీక్ష రోజు పొద్దున దాకా వల్లె వేస్తాడు. జతపరచమంటే జతపరుస్తాడు, మార్కులు వస్తాయి. అదే పిల్లవాణ్ణి ఆ సాయంత్రమే పిలిచి, ‘మా నాన్న సిగరెట్లు మానేశాడు’ అన్న మాట ఇంగ్లీషులో చెప్పమనండి. ‘మై ఫాదర్ స్టాప్డ్ టు స్మోక్’ అంటాడు. సిగరెట్ కాల్చుకోవడానికి కాసేపు ఆగాడు అని దాని అర్థం. నాన్న చేసిన మంచిపని కాస్తా తిరగబడింది. పొద్దున పది సార్లు పలికిన గివ్ అప్ సాయంత్రం అవసరమైనప్పుడు నోటికి రాలేదు.

వస్తుందని మనం ఎలా అనుకున్నాం? ఒకే క్రియతో మొదలయ్యే నాలుగు మాటలను ఒకే పూట పక్కపక్కన పెట్టి నేర్పితే అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వాటికి ఒక సందర్భం లేదు, మాట్లాడే మనిషి లేడు, వినే మనిషి లేడు. గివ్ ఆఫ్ అన్నది వాసనకో పొగకో వేడికో వాడతారని ఆ పేజీ చెప్పదు. గివ్ అప్ తర్వాత స్మోకింగ్ అని రావాలని చెప్పదు. ఇంత కష్టపడి చదివిన పిల్లవాడి చేతికి మిగిలేది ఆ రెండు మార్కులే.

ఈ కష్టం మన పిల్లల తెలివికి సంబంధించింది కానే కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లీషు నిఘంటువుకు ముందుమాట రాస్తూ, క్రియ పక్కన ఒక చిన్న మాట చేరి అర్థం మారిపోయే ఈ పద్ధతే పరాయివాళ్లను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుందని ఒప్పుకున్నాడు. ఉదాహరణలు కూడా ఇచ్చాడు. ఆయన జాబితాలో టేక్ ఆఫ్ అంటే అనుకరించడం. ఈ రోజు మన పిల్లలకు ఆ మాట వినగానే విమానం గుర్తొస్తుంది. మాట పైకి అదే, అర్థం మాత్రం తరాల మధ్య కదిలిపోతుంది. వీటికి ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు పుస్తకంలోకి ఎక్కించింది లోగన్ పియర్సాల్ స్మిత్, 1925లో. ఆ పేరు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ తనకు సూచించాడని ఆయనే రాసుకున్నాడు.

పరాయి భాషలవాళ్లు వీటిని చూసి పక్కకు తప్పుకుంటారన్నది కూడా పరిశోధకులు గమనించిన విషయమే. ఇజ్రాయెల్‌లో హీబ్రూ మాట్లాడే విద్యార్థుల మీద డాగుట్, లాఫర్ 1985లో ప్రచురించిన అధ్యయనం ఇదే చెప్పింది. పుట్ ఆఫ్ అనగలిగిన చోట వాళ్లు పోస్ట్‌పోన్ అనే ఒంటి మాట వైపే మొగ్గారు. చైనా విద్యార్థుల గురించి 2004లో లియావ్, ఫుకుయా రాసినదీ ఇలాంటిదే. మన పిల్లలూ అంతే. టాలరేట్ తెలుసు, పుట్ అప్ విత్ తెలియదు. ఎక్స్‌టింగ్విష్ తెలుసు, పుట్ అవుట్ తెలియదు. లాటిన్, ఫ్రెంచి మూలాల నుంచి వచ్చిన బరువైన మాటలు పుస్తకాల ద్వారా మనకు చేరాయి. ఇంగ్లీషువాళ్లు వంటింట్లో, బస్టాపులో, ఆసుపత్రి మంచం మీద మాట్లాడుకునే చిన్నమాటలు చేరలేదు.

దాని ఫలితం ఎక్కడ తగులుతుందో చెబుతాను. మా బడిలో చదివిన అమ్మాయి ఒకామె ఇప్పుడు ఇంగ్లండ్‌లో నర్సు. ఆపరేషన్ అయిన పెద్దాయన ఒకరు రాత్రిపూట ఆమెను పిలిచి, పెయిన్‌కిల్లర్ ఈజ్ వేరింగ్ ఆఫ్ అన్నాడట. వేర్ అంటే బట్టలు తొడుక్కోవడం, ఆఫ్ అంటే ఆపేయడం. రెండూ తెలుసు, కలిపితే ఏమిటో తెలియలేదు. మందు ప్రభావం తగ్గిపోతోంది, నొప్పి మళ్లీ మొదలవుతోంది అని ఆయన మొత్తుకుంటున్నాడు. పక్క నర్సును అడిగి తెలుసుకుని మందు ఇచ్చింది. జబ్బు పేర్లు ఎంత పొడుగున్నా తనకు భయం లేదని, రోగులు చిన్నచిన్న మాటలు మాట్లాడితేనే గుండె దడదడలాడుతుందని ఆమె నాతో అంది. త్రో అప్ అంటే వాంతి, పాస్ అవుట్ అంటే స్పృహ తప్పడం, స్వెల్ అప్ అంటే వాచిపోవడం. నొప్పితో ఉన్న మనిషి వామిటింగ్ అనో లాస్ ఆఫ్ కాన్షియస్‌నెస్ అనో వెతుక్కుని మాట్లాడడు. తన ఇంటి మాటే మాట్లాడతాడు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన పిల్లల సంగతీ ఇంతే. సెట్ అప్, రోల్ బ్యాక్, ఫాలో అప్, సైన్ ఆఫ్ అన్న మాటలు లేకుండా అక్కడ ఒక్క పూట గడవదు. ఇవన్నీ వాడుకభాషలోని తేలిక మాటలని, మంచి ఇంగ్లీషు కాదని ఇప్పటికీ అనే ఉపాధ్యాయులు ఉన్నారు. వాళ్లతో నేను ఏకీభవించలేను. ప్రభుత్వం కమిటీని ‘సెట్ అప్’ చేస్తుంది, మ్యాచ్‌ను ‘కాల్ ఆఫ్’ చేస్తారు, సైన్స్ పుస్తకంలో ప్రయోగాన్ని ‘క్యారీ అవుట్’ చేస్తారు. కలెక్టరుకు అర్జీ రాసేటప్పుడు పోస్ట్‌పోన్ అనడమే మర్యాద, అమ్మతో ఫోన్లో చెప్పేటప్పుడు పుట్ ఆఫ్ అనడమే సహజం. ఎక్కడ ఏది తగునో నేర్పాలి గానీ ఒకదాన్ని మొత్తానికే వెలివేయకూడదు.

మరి ఎన్ని నేర్పాలి? నిఘంటువులు తెరిస్తే వేలల్లో ఉంటాయి, చూసి బెదిరిపోతాం. బెదరాల్సిన పని లేదు. గార్డ్‌నర్, డేవీస్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటిష్ నేషనల్ కార్పస్ అనే 10 కోట్ల పదాల భాషా భాండాగారాన్ని జల్లెడ పట్టి 2007లో ఒక లెక్క ప్రచురించారు. కేవలం 20 క్రియలు, 8 చిన్నమాటలతో కలిసి, మొత్తం ఫ్రేజల్ వెర్బుల వాడకంలో సగానికి పైగా ఆక్రమించాయని తేల్చారు. గో, కమ్, టేక్, గెట్, సెట్, పుట్ లాంటి క్రియలు, అప్, అవుట్, ఆన్, ఆఫ్, బ్యాక్, డౌన్ లాంటి చిన్నమాటలు. గో ఆన్, క్యారీ అవుట్, సెట్ అప్, పిక్ అప్ ముందువరసలో నిలిచాయి. అయితే తరచుగా వాడే 100 మాటలకు సగటున ఐదారు అర్థాలున్నాయని కూడా వాళ్లే చెప్పారు. ఆ చిక్కును విప్పడానికి గార్నియర్, ష్మిట్ 2015లో 150 మాటల పట్టిక తయారుచేశారు. ఒక్కోదానికి నిజంగా ఎక్కువగా వాడే ఒకటి రెండు అర్థాలే ఉంచారు. ఆ కొద్ది అర్థాలే ఆయా మాటల వాడకంలో నాలుగింట మూడు వంతులకు సరిపోతున్నాయి. 150 అంటే ఆరు నుంచి పది దాకా ఐదు తరగతులకు ఏడాదికి 30. వారానికి ఒకటి చొప్పున చెప్పినా అయిపోతుంది. ఇంత తేలికైన లెక్క మన చేతిలో ఉండగా, ఎప్పుడూ ఎవరూ అనని మాటలు గైడ్లలో ఎందుకు మోయిస్తున్నాం?

ఇక ఈ ఉత్తరంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న సంగతి. తెలుగు పిల్లలు ఈ విద్యను కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు. వాళ్ల భాషలోనే దీనికి దగ్గరి చుట్టం ఉంది.

‘కొట్టేయి’ అన్న మాట చూడండి. తప్పు రాసిన లైను కొట్టేస్తాం. బస్సులో పర్సు ఎవడో కొట్టేస్తాడు. హైకోర్టు పిటిషన్ కొట్టేస్తుంది. ఈ మూడు చోట్లా ఎవరికీ దెబ్బ తగల్లేదు. ‘ఎత్తేయి’ కూడా అలాంటిదే. కర్ఫ్యూ ఎత్తేశారు, మా ఊరి బస్సు ఎత్తేశారు, శెట్టిగారు కొట్టు ఎత్తేశారు. ఏదీ ఎవరూ చేతులతో పైకెత్తలేదు. ఆరో తరగతి పిల్లకు ఈ అర్థాలు ఏ మాస్టారూ చెప్పలేదు, ఏ గైడూ చెప్పలేదు. అయినా ఎక్కడా పొరపాటు పడదు. అలాంటి పిల్లకు, చెప్పులు టేక్ ఆఫ్ చేస్తాం, విమానం టేక్ ఆఫ్ అవుతుంది, ఒక రోజు సెలవు పెట్టినా టేక్ ఆఫ్ అంటాం అంటే ఆశ్చర్యపోవాల్సిన పని ఏముంది? తన భాషలో రోజూ చేస్తున్న పనే అది.

తరగతిలో నేను బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తాను. అన్నం తిన్నాడు. అన్నం తినేశాడు. తేడా ఏమిటని అడుగుతాను. తినేశాడంటే గిన్నెలో ఏమీ మిగల్లేదు సార్ అని వెనక బెంచీ నుంచి జవాబు వస్తుంది. అప్పుడు ఈట్, ఈట్ అప్ రాస్తాను. చెరువు ఎండింది, చెరువు ఎండిపోయింది. డ్రై, డ్రై అప్. ఉన్న డబ్బంతా వాడేశాం అంటే యూజ్ అప్. అప్ అంటే పైకి అని మాత్రమే నేర్చుకున్న పిల్లలకు, అది ‘పూర్తిగా, మిగలకుండా’ అనే అర్థం కూడా మోస్తుందని ఆ పూట తెలుస్తుంది. మన వేయు, పోవు చేసే పని అక్కడ అప్ చేస్తోంది. రహస్యం బయటపడింది అంటే కేమ్ అవుట్. నీళ్లు అయిపోయాయి అంటే రన్ అవుట్. విచారణలో వాడే దొంగ అని తేలింది అంటే టర్న్‌డ్ అవుట్. ఆపకుండా చెప్పుకుంటూ పోయాడు అంటే వెంట్ ఆన్ టాకింగ్. మర్చిపోకుండా రాసిపెట్టుకో అంటే రైట్ ఇట్ డౌన్. ఇంగ్లీషులో క్రియ వెనక చిన్నమాట నిలబడుతుంది, తెలుగులో క్రియ వెనక ఇంకో క్రియ నిలబడుతుంది. రెండు చోట్లా ఆ వెనక నిలబడ్డది తన సొంత అర్థం కాస్త వదులుకుని ముందున్నదానికి రంగు మారుస్తుంది.

హీబ్రూ విద్యార్థులు వీటికి జంకడానికి వాళ్ల భాషలో ఇలాంటి నిర్మాణం లేకపోవడమే కారణమని డాగుట్, లాఫర్ అన్నారు. మనకు దానికి దగ్గరిది ఉంది. ఉండి కూడా పిల్లల చేత దాన్ని వాడించడం లేదు. ఇంగ్లీషు పీరియడ్లో తెలుగు మాట వినపడకూడదన్న నియమం పెట్టి, వాళ్ల దగ్గరున్న బలాన్ని గుమ్మం బయటే వదిలి రమ్మంటున్నాం. ఇది నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

తెలుగులోకి వచ్చేసిన మాటలు మరో ఆసరా. గెటప్, బిల్డప్, కటౌట్, ప్యాకప్ సినిమావాళ్లు ఇచ్చారు. లాకప్, లాకౌట్ పేపర్లలో చదువుతున్నాం. ఊరి చివర ప్లాట్లు వేస్తే లేఅవుట్. ఆసుపత్రిలో చెకప్. క్రికెట్‌లో రనౌట్. ఇవన్నీ ఫ్రేజల్ వెర్బుల నుంచి పుట్టిన నామవాచకాలు. లాకప్ తెలిసిన పిల్లవాడికి లాక్ అప్ అంటే తాళం వేసి లోపల పెట్టడం అని ఒక్క మాటలో చెప్పొచ్చు. కలిపి రాస్తే నామవాచకమని, విడదీస్తే క్రియ అని, నామవాచకంలో ఒత్తు మొదటి ముక్క మీద పడుతుందని కూడా అక్కడే చెప్పేయొచ్చు. లాగిన్, లాగ్ ఇన్ మధ్య తడబడే ఉద్యోగులకు ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే ఎంత మేలు!

తెలుగు అన్నిచోట్లా ఆదుకోదు, ఆ మాట కూడా చెప్పాలి. చంపేశాడు అంటే కిల్డ్ అప్ అనరు. పోలిక దారి చూపుతుంది, ప్రతి మాటకూ లెక్క కుదర్చదు. పుట్ అప్ విత్, లుక్ ఫార్వర్డ్ టు లాంటి మూడు ముక్కల మాటలు వాక్యాల్లో విని విని పట్టుకోవలసినవే. లుక్ ఫార్వర్డ్ టు తర్వాత మీట్ కాదు, మీటింగ్ అని రావాలి. ఉద్యోగాల దరఖాస్తుల్లో మనవాళ్లు ఎక్కువగా జారిపడేది అక్కడే. ఇంకో ఇబ్బంది సర్వనామం. టర్న్ ఆఫ్ ద లైట్ అన్నా, టర్న్ ద లైట్ ఆఫ్ అన్నా సరే. కానీ లైటు పేరు తీసేసి ఇట్ పెడితే టర్న్ ఇట్ ఆఫ్ ఒక్కటే. టర్న్ ఆఫ్ ఇట్ అనరు. లుక్ ఎట్ ఇట్ మాత్రం అలా విడిపోదు. దీన్ని సూత్రంగా వల్లె వేయించడం కన్నా చెవికి అలవాటు చేయడం మేలు. టర్న్ ఇట్ ఆఫ్, పిక్ ఇట్ అప్, పుట్ ఇట్ ఆన్ అంటూ గట్టిగా పలికించండి. గొంతు బరువు చివరి మాట మీద పడుతుంది. లుక్ ఎట్ ఇట్‌లో ఆ బరువు లుక్ మీద పడుతుంది. వారం రోజులు ఇలా పలికిన పిల్లలకు టర్న్ ఆఫ్ ఇట్ అన్నది వాళ్ల చెవికే వికారంగా తోస్తుంది.

మన దేశంలో మాత్రమే చెల్లే ప్రయోగాల గురించి కూడా పుస్తకం మాట్లాడాలి. కాలేజీ చదువు పూర్తిచేశానని చెప్పడానికి మనం పాస్డ్ అవుట్ అంటాం. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది, దాన్ని తప్పని కొట్టిపారేయనక్కర్లేదు. కానీ అమెరికాలో ఇంటర్వ్యూకు కూర్చున్న కుర్రవాడు 2019లో పాస్డ్ అవుట్ అంటే, ఆ ఏడు మూర్ఛపోయానని చెప్పినట్టు. గ్రాడ్యుయేటెడ్ అనాలి. కోప్ అప్ విత్ అన్నది చాలామంది చదువుకున్నవాళ్ల నోట వినపడుతుంది. అక్కడ అప్ అక్కర్లేదు, కోప్ విత్ చాలు.

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. గణితం, సైన్స్ పుస్తకాలు ఒకవైపు ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు పెట్టి మీరు ముద్రించారు, పల్లెటూరి పిల్లలకు అది మేలు చేసింది. ఆ చొరవే ఇంగ్లీషు వాచకంలోనూ చూపండి. ప్రతి పాఠం చివర నాలుగైదు ఫ్రేజల్ వెర్బులు, పాఠంలో వచ్చినవే, వాటి పక్కన తెలుగు సంయుక్త క్రియలతో పోలిక, పిల్లల బతుకులోంచి తీసిన రెండు మూడు వాక్యాలు ఉంటే చాలు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా పుట్టి ఈ రోజు విశ్వవిద్యాలయంగా ఎదిగిన ఇఫ్లూ హైదరాబాద్‌లోనే ఉంది. తెలుగు పిల్లలకు ఏవి ముందు, ఏవి తర్వాత అని తేల్చే పట్టిక తయారుచేయమని వాళ్లను అడగండి. బ్రిటన్ కార్పస్‌లో ముందున్న ప్రతి మాటా మన పిల్లలకు ముందే కావాలని లేదు.

ప్రశ్నపత్రం మారకపోతే పుస్తకం మార్చీ లాభం లేదు. పరీక్షలో వచ్చేదే తరగతిలో చెబుతారు, అది అందరికీ తెలిసిన సంగతే. జతపరచండి అన్నది తీసేసి, ఇలా అడిగి చూడండి. మీ వీధికి మంచినీళ్ల ట్యాంకరు రాలేదు, ఇంట్లో నీళ్లు అయిపోయాయి, పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చేసి ఏం చెబుతారో నాలుగు వాక్యాల్లో రాయండి. ద ట్యాంకర్ డిడ్ నాట్ టర్న్ అప్. వుయ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ వాటర్. ప్లీజ్ ఫైండ్ అవుట్ వాట్ హ్యాపెన్‌డ్. ప్లీజ్ సార్ట్ ఇట్ అవుట్ టుడే. తొమ్మిదో తరగతి పిల్లలతో ఇది చేయించాను. మొదట తడబడ్డారు, తర్వాత కార్యదర్శి ఏం బదులిస్తాడో కూడా వాళ్లే కల్పించి రాశారు. ఆ పీరియడ్లో ఎవరికీ గైడు అవసరం పడలేదు.

పాఠ్యపుస్తకాలు మళ్లీ సవరించే కమిటీలు కూర్చున్నప్పుడు ఈ ఉత్తరాన్ని ఒకసారి బల్ల మీద పెట్టుకోండి. అంతదాకా ఆగలేకపోతే రాబోయే పరీక్షలో ఒక్క ప్రశ్న మార్చండి. ఆ ఒక్క ప్రశ్న కోసమైనా మేం ఉపాధ్యాయులం తరగతిలో చెప్పే తీరు మార్చుకుంటాం.

భవదీయుడు,
ఒక జిల్లా పరిషత్ పాఠశాల ఇంగ్లీషు ఉపాధ్యాయుడు